ఇప్పుడే వెయ్యకు: సూరత్ చెక్కూ, బ్యాంకు గడియారమూ

సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లలో చెక్కు చేతిలో పెట్టేటప్పుడు ఇచ్చేవాడు ఒక మాట తప్పకుండా అంటాడు. లింబాయత్‌లో మగ్గాలు నడుపుకునే మన కరీంనగర్, నల్గొండ పద్మశాలీల నోట అది ఇలా వస్తుంది: "సేఠ్ చెక్కయితే ఇచ్చిండు గని, ఇప్పుడే ఎయ్యకు, ఫోన్ చేసి ఎయ్యి అన్నడు." చెక్కు మీద తారీఖు ఉంటుంది, సంతకం ఉంటుంది, సొమ్ము అంకెల్లోనూ అక్షరాల్లోనూ ఉంటుంది. అన్నిటికంటే బరువైన షరతు మాత్రం కాగితం మీద ఎక్కడా ఉండదు.

1881 నాటి నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం ప్రకారం చెక్కంటే అడిగిన వెంటనే చెల్లించాల్సిన పత్రం. గడువు పెట్టి రాస్తే అది చెక్కే కాదు. ముందు తారీఖు వేసిన చెక్కు ఆ తారీఖు వచ్చేదాకా వట్టి బిల్లు మాత్రమేనని సుప్రీంకోర్టు 1993లో చెప్పింది కూడా. రిజర్వ్ బ్యాంకు నలభై ఏళ్లుగా రాస్తున్న క్లియరింగ్ నియమాలన్నీ ఆ ‘వెంటనే’ అన్న మాటను నిజం చేయడానికే. సూరత్ బజారు మాత్రం అదే కాగితాన్ని ‘తర్వాత’ అనడానికి వాడుకుంటోంది. నా మటుకు నాకు చెక్ బౌన్స్ గొడవల్లో సగం మోసం వల్ల కాక, ఈ వాడుక వల్లే పుడుతున్నాయనిపిస్తుంది. నియమాలు మారిన ప్రతిసారీ బ్యాంకు గడియారం వేగం పెరిగింది. బజారు గడియారాన్ని ఎవరూ ముట్టుకోలేదు.

ఈ అలవాటు చెక్కుతో మొదలైంది కాదు. మనకు హుండీ అంటే తిరుమల. ఏడుకొండలవాడి ముందు వేలాడే గుడ్డసంచి, అందులో పడే ముడుపు. గుజరాతీకి హుండీ అంటే కాగితం. ఒక ఊళ్లో సొమ్ము కట్టి ఇంకో ఊళ్లో తీసుకోవడానికి షరాఫు రాసిచ్చే చీటీ. పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషు ఈస్టిండియా కంపెనీకే అప్పులిచ్చిన వీర్జీ వోరా సూరత్ షావుకారే. హుండీలో రెండు ప్రధాన రకాలుండేవి. చూపించగానే చెల్లించేది దర్శనీ, గడువు తీరాక చెల్లించేది ముద్దతీ. చట్టం దృష్టిలో చెక్కు దర్శనీ. రింగ్ రోడ్డు మీద అది ముద్దతీ. ముద్దతీ హుండీ రాయాలంటే స్టాంపు కాగితం కావాలి. చెక్కు మీద స్టాంపు సుంకం 1927లోనే పోయింది. ఖర్చులేని కాగితం చేతికి దొరికాక ఖర్చున్నదాన్ని ఎవరు పట్టుకుంటారు?

హుండీ తిరిగొస్తే ఏం చేయాలో కూడా షరాఫుల ఆచారంలో తేలిపోయి ఉండేది. చెల్లని హుండీకి నష్టపరిహారంగా ‘నిక్రాయీ సిక్రాయీ’ అనే రుసుము ఉండేది. అంతకు ముందే జాగ్రత్తగా, ‘ఆ పెద్దమనిషి కాదంటే నువ్వైనా నా పరువు కాపాడు’ అంటూ మరో షావుకారుకు రాసే జిక్రీ చిట్ఠీ ఉండేది. జునాగఢ్ భక్తకవి నర్సింహ్ మెహతా గురించి గుజరాత్‌లో చిన్నపిల్లలకూ తెలిసిన కథ ఒకటుంది. ద్వారక యాత్రికుల సొమ్ము తీసుకుని, అక్కడ లేనేలేని శామళశా సేఠ్ పేర హుండీ రాసిచ్చాడట. కృష్ణుడే సేఠ్ వేషంలో దిగివచ్చి సొమ్ము చెల్లించాడట. ఈనాటి లెక్కలో అది నిల్వ లేని ఖాతా మీద రాసిన పత్రమే. చెక్ బౌన్స్‌ను నేరం చేసిన 138వ సెక్షను కింద మెహతా గారి మీద కేసు నిలిచేదే.

ఇక బ్యాంకు లోపలికి వెళదాం. చెక్కు అడుగున తెల్లపట్టీ మీద అయస్కాంతపు సిరాతో అచ్చేసిన అంకెలుంటాయి. మొదటి ఆరూ చెక్కు నంబరు. తర్వాతి తొమ్మిదీ బ్యాంకు చిరునామా: ఊరికి మూడు, బ్యాంకుకు మూడు, శాఖకు మూడు. 395 అంటే సూరత్, 500 హైదరాబాద్, 520 విజయవాడ, 530 విశాఖ. పిన్‌కోడ్ మొదటి మూడంకెలే ఇక్కడా పెట్టారు. చెక్కులను మనుషులు కూర్చుని ఏరే పని తప్పించడానికి 1980లలో ఈ పద్ధతి వచ్చింది. అంతకుముందూ, ఆ తర్వాత చాలాకాలమూ క్లియరింగ్ అంటే సంచుల రాకపోకలే. ఊళ్లోని బ్యాంకుల గుమాస్తాలు ఒకచోట చేరి, నీ చెక్కులు నాకు, నా చెక్కులు నీకు అని మార్చుకుని, చివరికి ఎవరు ఎవరికి ఎంత బాకీయో ఒకే అంకెగా తేల్చేవారు. మర్నాడు అదే చోట రిటర్న్ క్లియరింగ్. చెల్లనివి అక్కడ వెనక్కొచ్చేవి. ఆ గంటలోపు తిరిగి ఇవ్వకపోతే చెల్లినట్టే లెక్క.

ఇది ఊళ్లో చెక్కు సంగతి. పరాయి ఊరి చెక్కు బాధ వేరే. విజయవాడ వస్త్రలతలోనో, రాజమండ్రి హోల్‌సేల్ బట్టల మార్కెట్లోనో, సికింద్రాబాద్ జనరల్ బజార్లోనో అమ్ముడయ్యే పాలియెస్టర్ చీరల్లో చాలావాటికి పుట్టిల్లు సూరతే. ఆ దుకాణదారు ఇచ్చిన చెక్కును సూరత్ వ్యాపారి తన బ్యాంకులో వేస్తే, బ్యాంకు దాన్ని ‘కలెక్షన్‌’కి పోస్టులో పంపేది. అది విజయవాడ చేరి, అక్కడి క్లియరింగ్‌కి వెళ్లి, సొమ్ము డ్రాఫ్టు రూపంలో తిరిగొచ్చేసరికి వారాలు పట్టేది. చెల్లకపోతే ఆ కబురు రావడానికీ అన్ని వారాలే. జాతీయ వినియోగదారుల కమిషన్ జోక్యం చేసుకున్నాకే, 2008లో, రాష్ట్ర రాజధానుల మధ్య 7 రోజులు, పెద్ద ఊళ్లకు 10, మిగతా చోట్లకు 14 అని గడువులు పడ్డాయి. మించితే వడ్డీ ఇవ్వాలి. అది కూడా అడగకుండానే ఇవ్వాలని నియమం. అడగకుండా వడ్డీ జమయిన చెక్కును మాత్రం నేను చూడలేదు.

చెక్కును ఊళ్లు తిప్పడం మానేసి దాని బొమ్మను పంపితే సరిపోదా అన్న ఆలోచనకు చట్టపు అండ 2002 సవరణతో దొరికింది. అమెరికాలో ఇదే ఆలోచనకు ఊపు వచ్చింది 2001 సెప్టెంబరు దాడుల తర్వాత. విమానాలు నేల దిగేసరికి వాటిలో ఎగరాల్సిన చెక్కుల కట్టలూ నేల మీదే ఆగిపోయాయి. ‘చెక్ 21’ చట్టం 2004 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. మన దగ్గర ఈ బొమ్మల పద్ధతి, చెక్ ట్రంకేషన్, 2008 ఫిబ్రవరి 1న ఢిల్లీలో మొదలై, 2011లో చెన్నైకి, 2013లో ముంబైకి చేరింది. దేశం మూడు క్లియరింగ్ గ్రిడ్లయింది. సూరత్ ముంబై గ్రిడ్‌లో, తెలుగు రాష్ట్రాలు చెన్నై గ్రిడ్‌లో పడ్డాయి. అంటే చీర ఒక గ్రిడ్ నుంచి వెళ్లేది, దాని చెక్కు ఇంకో గ్రిడ్ మీద వచ్చేది. 2020 సెప్టెంబరు నాటికి పాత పద్ధతిలో మిగిలిన 1,219 క్లియరింగ్ హౌసులూ ఇందులో కలిసిపోయాయి. ఇప్పుడు దేశమంతా ఒకే గ్రిడ్. అసలు చెక్కు వేసిన బ్యాంకు దగ్గరే ఉండిపోతుంది. చెల్లితే అక్కడే పదేళ్లు బీరువాలో ఉంటుంది. చెల్లకపోతే రిటర్న్ మెమోతో కలిపి వేసినవాడి చేతికి వస్తుంది.

బొమ్మల కాలంలోనూ ఒక పాత వెసులుబాటు మిగిలింది. ఈ రోజు వేసిన చెక్కు చెల్లుతుందో లేదో తేలేది రేపే. ఆ ఒక్క రాత్రి మీద సూరత్ ఎంత నడిచిందో బయటివాళ్లకు తెలియదు. పొద్దున్నే బ్యాంకు నుంచి ఫోను వచ్చేది: సేఠ్, మీ చెక్కులు నాలుగొచ్చాయి, నిల్వ రెండింటికే ఉంది, పన్నెండులోగా చూసుకోండి. సేఠ్ పక్క దుకాణం నుంచి చేబదులు తెచ్చో, తనకు రావాల్సినవాడిని కేకలేసి ఆర్‌టీజీఎస్ చేయించుకునో ఖాతా నింపేవాడు. బ్యాంకు మేనేజరుకు అది నియమమూ కాదు, నేరమూ కాదు. మర్యాద, అంతే. ఊళ్లో వేళ్లూనుకున్న సహకార బ్యాంకులకు ఆ మర్యాదే సగం వ్యాపారం.

2025 అక్టోబరు 4న ఆ రాత్రి పోయింది. విడతల వారీ క్లియరింగ్ స్థానంలో నిరంతర క్లియరింగ్ వచ్చింది. మొదట్లో పొద్దున పది నుంచి సాయంత్రం నాలుగు దాకా చెక్కు స్కాన్ చేయగానే బొమ్మ వెళ్లిపోయేది. చెల్లించాల్సిన బ్యాంకు ఏడింటిలోగా అవునో కాదో చెప్పాలి. చెప్పకపోతే అవుననే లెక్క. సెటిల్‌మెంట్ అయిన గంటలోగా సొమ్ము ఖాతాదారుకు అందాలి. రెండో దశలో, 2026 జనవరి 3 నుంచి, ప్రతి చెక్కుకూ మూడు గంటలే గడువన్నారు. 2025 డిసెంబరులోనే దాన్ని వాయిదా వేసి, చెక్కులు పంపే వేళను మాత్రం ముందుకు జరిపారు. ఇప్పుడు తొమ్మిది నుంచి మూడు దాకా.

ముహూర్తం ఎలాంటిదో చూడండి. సూరత్ ఏడాది లెక్కలు తీరేది దీపావళికి. పండక్కి ముందు పక్షం రోజుల్లో వసూళ్లూ చెల్లింపులూ పోటెత్తుతాయి. తర్వాత మార్కెట్లు మూతపడి లాభ పంచమికి కొత్త పుస్తకంతో తెరుచుకుంటాయి. 2025లో దీపావళి అక్టోబరు మూడో వారంలో వచ్చింది. కొత్త పద్ధతి సరిగ్గా ఆ పోటు మీదే దిగింది. మొదటి రోజుల్లో బ్యాంకులు తడబడ్డాయి. గంటల్లో వస్తుందన్న సొమ్ము చాలాచోట్ల రోజుల తరబడి రాలేదు. ఆ తడబాటు సర్దుకునేదే. ఇక సర్దుకోనిది ‘పన్నెండులోగా చూసుకోండి’ అన్న ఫోను. చెక్కు రెండింటికి వచ్చి నాలుగింటికల్లా కాదనిపించుకుంటే మధ్యలో ఫోను చేసే తీరికెవరికి? వేగం పెంచితే తీసుకునేవాడికి లాభమని అందరూ అన్నారు. నిజమే. ఇచ్చేవాడి దగ్గర సొమ్ముండి అలసత్వం చేస్తున్నప్పుడు లాభమే. ఇచ్చేవాడికి రావాల్సింది ఇంకొకడి దగ్గర ఆగినప్పుడు వేగం వల్ల తిరిగొచ్చే చెక్కులే పెరుగుతాయి.

తిరిగి రావడానికీ వంద కారణాలు. క్లియరింగ్ హౌసుల నియమావళిలో వాటికి అంకెలతో సహా పట్టిక ఉంది. మొదటిది ‘నిధులు చాలవు’. ఇది చిన్న వాక్యమే గానీ బజారులో చావు కబురంత. అందుకే కొందరు తెలివిగా సంతకం కాస్త వంకర పెడతారు, లేదా ‘చెల్లింపు ఆపు’ అని బ్యాంకుకు రాస్తారు. మెమో మీద కారణం వేరుగా పడితే నేరం కాదన్న లెక్క. ఆ దారులను సుప్రీంకోర్టు ఒక్కొక్కటిగా మూసేసింది. చెల్లింపు ఆపించడం 1998లో, ఖాతా మూసేయడం 1999లో 138 కిందికొచ్చాయి. సంతకం తేడా అన్నది 2012లో, గుజరాత్ నుంచి వెళ్లిన లక్ష్మీ డైకెమ్ కేసులో వచ్చింది. అక్కడ హైకోర్టు కొట్టేసిన ఫిర్యాదులను పై కోర్టు మళ్లీ నిలబెట్టింది.

నిజంగానే అమాయకమైన రిటర్నులూ ఉంటాయి. కొట్టివేతలున్న చెక్కును బొమ్మల క్లియరింగ్ తీసుకోదు, తారీఖు పొడిగింపు ఒక్కటే మినహాయింపు. 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు ఆయుష్షు ఆరు నెలల నుంచి మూడుకు తగ్గింది. ‘ఫోన్ చేసి ఎయ్యి’ అన్న చెక్కు ఫోను కోసం కాచుకుని కాచుకుని కాలం చేయడం అప్పటి నుంచే ఎక్కువైంది. 2021 జనవరి 1న వచ్చిన పాజిటివ్ పే కింద 50 వేలు, ఆపై చెక్కుల వివరాలు ముందే బ్యాంకుకు చెప్పుకోవచ్చు. 5 లక్షలు, ఆపైన అయితే బ్యాంకులు తప్పనిసరి చేసుకోవచ్చు. దొంగచెక్కులకు ఇది మంచి మందే. తప్పించుకోవాలనుకునేవాడికి మాత్రం వివరాలు చెప్పకపోవడం అనే కొత్త సాకు దొరికింది.

బ్యాంకు పని మెమోతో అయిపోయింది. అక్కడి నుంచి కోర్టు పంచాంగం మొదలు. కబురందిన 30 రోజుల్లోగా నోటీసు ఇవ్వాలి. అది అందాక ఇచ్చినవాడికి 15 రోజుల వ్యవధి. అప్పటికీ కట్టకపోతే నెలలోగా మేజిస్ట్రేటు దగ్గర ఫిర్యాదు. ఒక్కరోజు తప్పినా ఎదుటి వకీలుకు పండగే. చెక్కు బతికి ఉంటే మళ్లీ వేసి, రెండో రిటర్ను మీద కొత్తగా నోటీసు ఇవ్వొచ్చని 2012లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. చాలామంది చిన్న వ్యాపారులను ఆదుకున్నది ఆ తీర్పే. 138వ సెక్షను 1989 ఏప్రిల్ 1న వచ్చినప్పుడు శిక్ష ఏడాది, 2003 నుంచి రెండేళ్లు. జరిమానా చెక్కు మొత్తానికి రెట్టింపు దాకా. జైలు భయంతో చెక్కుకు విలువ పెరుగుతుందన్నది ఆశ. పెరిగింది కూడా. విలువతో పాటు ఫైళ్లూ పెరిగాయి. 2019 చివర్లో దేశంలో పెండింగులో ఉన్న 2.31 కోట్ల క్రిమినల్ కేసుల్లో 35.16 లక్షలు చెక్కులవేనని సుప్రీంకోర్టే 2021లో లెక్క చెప్పింది. ఆరు నెలల్లో తేల్చడానికి ప్రయత్నించాలని చట్టంలోనే ఉంది. ఒక్క రోజులో తేలే చెక్కుకు మూడేళ్లలో తీర్పొస్తే అదృష్టం. 2022లో అయిదు రాష్ట్రాల్లో ప్రత్యేక కోర్టులు ప్రయోగంగా పెట్టమన్నప్పుడు వాటిలో గుజరాత్‌నూ చేర్చారు.

మన పాఠకులు ప్రత్యేకంగా పట్టించుకోవాల్సింది, కేసు ఎక్కడ వేయాలన్న సంగతి. 2014 ఆగస్టు 1న సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, చెక్కు ఏ బ్యాంకు శాఖ మీద రాశారో ఆ ఊళ్లోనే కేసు అంది. రాజమండ్రి చెక్కు తిరిగొస్తే సూరత్ వ్యాపారి గోదావరి దాకా రావాల్సిందే. వ్యాపారులు గగ్గోలు పెట్టారు. పది నెలలు తిరిగేసరికి, 2015 జూన్ 15న, ఆర్డినెన్సు వచ్చి తీర్పును తిరగేసింది. చెక్కు తీసుకున్నవాడి ఖాతా ఎక్కడుంటే అక్కడే కేసు. అప్పటి నుంచి సమన్ల దిశ మారింది. చీరలు రంగు దిగాయని, కొలత తగ్గిందని సొమ్ము ఆపిన రాజమండ్రి దుకాణదారు, న్యాయం తనవైపే ఉన్నా, వాయిదాకు సూరత్ రైలెక్కాలి. సరుకు తగాదా సివిల్ గొడవ, చెక్కు తగాదా క్రిమినల్. కాబట్టి తగాదా ఏదైనా అమ్మినవాడు చెక్కునే ముందుకు తోస్తాడు. 2018 సవరణతో విచారణ సాగుతుండగానే 20 శాతం దాకా మధ్యంతర పరిహారం కట్టించే వీలు కూడా వచ్చింది. అమ్మినవాడి కష్టం చట్టానికి బాగానే అర్థమైంది. కొన్నవాడి మాట వినడానికి అదే చట్టంలో చోటు తక్కువ.

ఒక తీర్పు మాత్రం బజారు తీరును ఎరిగి రాసినట్టుంటుంది. గుజరాత్ నుంచే వెళ్లిన ఓ 20 లక్షల చెక్కు కేసులో 2022 అక్టోబరులో వచ్చింది. చెక్కు ఇచ్చాక కొంత సొమ్ము విడిగా ముడితే, ఆ సంగతి చెక్కు మీద రాయకుండా మొత్తానికీ బ్యాంకులో వేయకూడదు. వేసి తిరిగొచ్చినా 138 నిలవదు. సూరత్‌లో ముక్కలు ముక్కలుగా చెల్లించడం మామూలు. చెక్కు వెనక్కి తీసుకోవడం మాత్రం ఎవరికీ గుర్తుండదు.

ముక్కలంటే గుర్తొచ్చింది. మన కరీంనగర్, నిజామాబాద్ వాళ్లు వలసపోయే దుబాయిలో ఒకప్పుడు చెక్కు తిరిగొస్తే నేరుగా పోలీసు స్టేషనే. 2022 జనవరి నుంచి అక్కడ నిధులు చాలని చెక్కును మామూలుగా నేరం కింద చూడటం లేదు. దానికి బదులు, ఖాతాలో ఎంతుంటే అంత చెల్లించి తీరాలని బ్యాంకును కట్టడి చేశారు. మన దగ్గర 5 లక్షల చెక్కుకు ఖాతాలో 4 లక్షల 90 వేలున్నా మొత్తం తిరిగొస్తుంది. మగ్గాలాయన చేతికి సున్నా, వకీలు చేతికి కేసు. మూడు గంటల గడువుకు పడే తాపత్రయంలో పదో వంతు దీని మీద పెడితే నేను సంతోషిస్తాను.

సూరత్ అసలు భయం ఒక్క చెక్కు కాదు, ఉఠమణు. గుజరాతీలో ఆ మాటకు మనిషి పోయాక జరిపే పరామర్శ సభ అని అర్థం. బజారులో మాత్రం అందరి దగ్గరా అప్పు మీద సరుకెత్తి, ఓ పొద్దున షట్టరు దించి మాయమైన దుకాణానికి అది పేరు. ఉఠమణు అయిన దుకాణం చెక్కులు నలభై మంది దగ్గరుంటాయి. నలభై మందికీ ఒకే మెమో. మగ్గం కూలీ మాత్రం పగార్ రోజుకు కారిగర్‌కు కట్టాల్సిందే. 2024లో చిన్న పరిశ్రమల బాకీ 45 రోజుల్లో తీర్చకపోతే ఆదాయపన్ను మినహాయింపు ఆ ఏడాది రాదన్న నిబంధన వచ్చినప్పుడు కూడా బజారు దానికి తనదైన తోవ వెతుక్కుంది. మార్చి ఆఖరుకు సరుకు మూటలు రిటర్ను లారీలెక్కాయి. చెక్కు తిరిగొచ్చే బదులు చీరే తిరిగొచ్చింది.

లింబాయత్‌లో ఓ మగ్గాల షెడ్డు గోడకు సిరిసిల్ల బట్టల దుకాణం పంచిన తెలుగు క్యాలెండరు వేలాడుతుంది. నేను వెళ్లినప్పుడు యజమాని రేకు పెట్టెలోంచి ప్లాస్టిక్ కవరు తీశాడు. కరెంటు బిల్లుల మధ్య రెండు చెక్కులు, ఒక మెమో.

"కేసు వేయలేదా?" అన్నాను.

"ఏస్తే ఆ సేఠ్ మళ్ల పని ఇస్తడా సార్? ఇయ్యడు. ఎయ్యకపోతే పైసలియ్యడు." మగ్గాల చప్పుడులో గట్టిగా చెప్పాల్సి వచ్చింది.

క్యాలెండరులో ఒక తారీఖు చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి ఉంది. మెమో వచ్చిన రోజు నుంచి అది ముప్పయ్యోది. ఆ నాటికి ఇంకా ఆరు రోజులుంది. అప్పటిదాకా పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి ఫోను చేస్తూనే ఉంటానన్నాడు.